గట్టువీధిలో మొదటి చెయ్యి

మూడో రోజు

ఈ పుస్తకం సిరాతో రాస్తున్నాను. పలక మీద రాస్తే, చెల్లింపులను కనిపెట్టే కాపలా యంత్రం చదువుతుంది, నోటితో చెబితే వింటుంది. కాగితం ఒక్కటే ఇంకా దానికి అందని చోటు. ఆ మాట కూడా నేను పూర్తిగా నమ్మను గనక, రాయడం కాగానే పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పెడుతున్నాను.

నా పేరు పొట్నూరు విశాలాక్షి. వయసు యాభై ఎనిమిది. నల్లపట్టీ ఎక్కిన కొట్లవాళ్ల తరఫున వాదించే లాయర్ని. కొత్తగట్టులో ఈ పని చేసేవాళ్లం ఇద్దరమే. ఆ రెండో ఆయన అసలు ఎవరి తరఫున వాదిస్తాడో నాకు ఎప్పుడూ అనుమానమే. పట్టీ ఎక్కినవాళ్లకి లాయరు దొరకకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. కాపలా రాసే ఆ పట్టీలో పేరు పడగానే కొట్లో చెల్లింపులు తీసుకునే పలక నల్లబడుతుంది. దాచుకున్నది దాచుకున్న చోటే బిగుసుకుపోతుంది. ఇక ఫీజు ఎక్కడినుంచి వస్తుంది? మా అమ్మ కాలంలో చెల్లింపులకి కార్డులుండేవట, అవి చెడితే నోట్లుండేవట. ఇప్పుడు అరచెయ్యే కార్డు. పలక పలికితేనే మనిషి బతికున్నట్టు.

ఇవాళ వచ్చిన కేసు అసిరితల్లిది. సముద్రం వెనక్కి నెట్టిన జనం కట్టుకున్న గట్టు మీద ఇరవై ఆరు కొట్లున్నాయి. తూర్పు మెట్లెక్కగానే మొదటిది ఆమెది. చలువచొక్కాలు నింపుతుంది. పది గంటలకి ఎండకూత మోగాక చలువచొక్కా లేకుండా బయట పావుగంట తిరిగితే మనిషి కూలబడతాడు. ఒకసారి నింపిన చొక్కా సాయంత్రం దాకా చల్లగా ఉంటుంది. రేవు కూలీలంతా ఆమె దగ్గరే నింపించుకుంటారు, నేనూ అంతే. ఆ కొట్టు వెనక గదిలోనే ఆమె కాపురం.

రోజూలాగే ఆరున్నరకి మెట్లెక్కేసరికి పలక నల్లగా ఉంది. ఆమె దాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. మూడు రోజులుగా అలాగే తుడుస్తోందట. నేను ఊళ్లో లేను. పక్క ఊరి విచారణ నుంచి రాత్రే దిగాను.

నోటీసులో ఒకటే వాక్యం ఉంది. “నియమం తొమ్మిది: ఈ కొట్లో దొంగ చేతులను పరీక్షిస్తున్నారు. ఆధారాలు గోప్యం.” దొంగలు ఎవరి చేతిగీతలనో కాజేస్తారు. వాటిని ముందు ఏదో ఒక కొట్లో పలకకి ఆనించి చూస్తారు. పలక పలికిందా, ఆ సాయంత్రానికి ఆ చేతి సొంతదారు ఖాతా ఖాళీ. ఈ ఉగాదికి కాపలాకి కొత్త కళ్లు పెట్టారు. అప్పట్నుంచి ఈ నియమం కింద పట్టీ ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు.

“నీ పలక మీద పరాయి చెయ్యి ఎవరిదైనా ఆనించనిచ్చావా?” అని అడిగాను.

“నానెందుకు ఆనింపిత్తానమ్మా? సొక్కా ఇత్తారు, నింపుతాను, సెయ్యెడతారు, పోతారు.”

“మీ అల్లుడు?”

“ఆడు పలాసలో ఉన్నాడు. ఆడి మీద కూడా పడ్డావేటి?”

“అందరి మీదా పడతాను. నీ మీద కూడా. నిజం చెప్పు.”

ఆమె నా వంక చూసి నవ్వింది. అమాయకంగా నవ్వేవాళ్లని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, వాళ్లలో సగం మంది నేరస్తులే. కేసు తీసుకున్నాను. ముప్పై రోజుల్లోగా విచారణలో గెలవకపోతే కొట్టు చోటు వేలానికి పోతుంది. చోటు పోతే ఆమెకి ఇల్లూ పోయినట్టే.

ఆమె పలక ఆరిపోయింది గనక పక్కనున్న గౌరునాయుడి తాళ్ల కొట్టుతో మొదలుపెట్టాను. బోణీ సంగతి చెబుతున్నాను. నా చెయ్యి మంచిదని ఈ వీధిలో ఎవరో పుట్టించారు. పొద్దున్నే నేను నడిచి వెళుతుంటే “లాయరమ్మా, ఓపాలి” అని వరసగా పిలుస్తారు. పిలిచిన కొట్లోకల్లా వెళ్లి, పలక మీద చెయ్యి పెట్టి, ఒక రూపాయి వేసి నడుస్తాను. పళ్లు తోముకునేటప్పుడు ఉన్నంత ధ్యాస కూడా ఉండదు ఆ పనిలో.

నాలుగో రోజు

చెల్లింపుల మండలికి వెళ్లాను. “చెయ్యి చూపించండి” అని అర్జీ పెట్టాను. అంటే, కాపలా దేన్ని దొంగ చెయ్యి అంటోందో ఆ చెయ్యి నంబరు మాకు చూపించాలని. అర్జీ తీసుకున్నది త్రినాథరావు అనే విచారణాధికారి. కొత్తగా వచ్చాడు. కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు.

“రెండు వారాలు పడుతుందండి మేడమ్. మీరు ఎండలో తిరగకండి, నేనే కబురు పెడతాను.”

మండలిలో పనిచేసేవాడు మజ్జిగ ఇచ్చాడంటే వెనక ఏదో ఉంది. మజ్జిగ తాగలేదు.

ఆరో రోజు

గౌరునాయుడు పట్టీ ఎక్కాడు. అదే నియమం, అదే వాక్యం.

నేను మూడు రోజులుగా అనుమానిస్తున్నది అతన్నే. అసిరితల్లి కొట్టు మెట్ల పక్కన ఉంది, అతనిది రెండోది. మొదటి కొట్టు ఖాళీ అయితే లాభపడేది ఎవరు? అందుకే నిన్న అతని కొట్లో తాడు బేరమాడుతున్నట్టు నటించి గంటసేపు కూర్చున్నాను. చివరికి నాకు అక్కర్లేని నాలుగు బారల తాడు కొనవలసి వచ్చింది. ఇవాళ అతనే తలమీద చేతులు పెట్టుకుని కూర్చుంటే నాకు కాస్త సిగ్గేసింది. కాస్తే. ఎందుకంటే తన మీదికి అనుమానం రాకుండా తనూ పట్టీ ఎక్కించుకున్నాడేమో అని కూడా ఒక ఆలోచన వచ్చింది.

“ఏటమ్మా ఇది? నాను తాళ్లమ్ముకునేవోణ్ని. దొంగసేతులు నాకెందుకు?” అన్నాడు.

అతని కేసూ తీసుకున్నాను. ఇక బోణీ మూడో కొట్టు నుంచి మొదలవుతుంది. కళ్లజోళ్ల షకీలా బీ కొట్టు అది. పాపం, వీధి అంతా బెదిరిపోయి ఉంది. వాళ్ల కోసమని ఇవాళ ఒక్క కొట్టూ వదలకుండా చెయ్యి పెట్టి వచ్చాను.

తొమ్మిదో రోజు

గట్టు పడమటి కొసన ‘మంచుకొండ’ అని పెద్ద చలువ కంపెనీ ఒకటి అద్దాల మేడ కడుతోంది. మేడ పూర్తికాకుండానే కింద చొక్కాలు నింపడం మొదలుపెట్టారు, ధర అసిరితల్లి దగ్గరకంటే మూడింతలు. ఇవాళ రేవు కూలీలు అక్కడ వరసలో నిలబడి ఉన్నారు. వేరే దారేముంది? నేనూ నిలబడ్డాను. ఆ చొక్కా మధ్యాహ్నానికే వేడెక్కింది.

మేడ ముందు నిలబడి ఆలోచించాను. తూర్పు నుంచి ఒక్కొక్క కొట్టే ఖాళీ అవుతోంది, పడమట మేడ లేస్తోంది. కాపలాకి కొత్త కళ్లు పెట్టిన కాంట్రాక్టు ఎవరిదో తెలుసుకోవాలి. త్రినాథరావు కొత్తగా వచ్చింది ఎందుకో కూడా తెలుసుకోవాలి.

పన్నెండో రోజు

షకీలా బీ కూడా ఎక్కింది.

సరిగ్గా ఆరు రోజులకొకటి, వరస తప్పకుండా. ఇది ఎండకీ వానకీ జరిగేది కాదు. ఎవరో ఒక మనిషి పూనుకుని, రోజూ వచ్చి, లెక్కగా చేస్తున్న పని. ఇంత క్రమశిక్షణ ఉన్న దుర్మార్గుణ్ని నా సర్వీసులో చూడలేదు.

వీధివాళ్లందరినీ షకీలా బీ కొట్లో కూర్చోబెట్టాను. ఆవిడ అన్ని కళ్లజోళ్లనీ గుడ్డలో మూటగట్టేసింది, వేలం వాళ్ల కంట పడకుండా. గోడకి అద్దం ఒకటే మిగిలింది. నేను ఆ అద్దానికి ఎదురుగా నిలబడి మాట్లాడాను.

“మీలో ఎవరి దగ్గరికైనా కొత్త మొహాలు వస్తున్నాయా? ముఖ్యంగా పొద్దున్నే, కొట్టు తెరవగానే?”

“తెల్లారి నీ సెయ్యి పడేదాకా ఇంకో సెయ్యి పెట్టనిస్తామేటమ్మా?” అన్నాడు గౌరునాయుడు. అందరూ తలలూపారు.

“మంచిది. అలాగే ఉండండి. పరాయివాళ్లని దగ్గరికి రానివ్వకండి.”

అసిరితల్లి మూల కూర్చుంది. పలక తుడిచే గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. పన్నెండు రోజుల్లో మనిషి సగమైంది. కొట్లో నింపే యంత్రం పనిచేస్తోంది గాని, చెల్లింపు లేకుండా సరుకు ఇస్తే ఇంకో నియమం కింద పట్టుకుంటారు. అందుకే యంత్రం ముందు ఊరికే కూర్చుంటోంది. వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చి, “నాను గెలుత్తానంటావా?” అని అడిగింది. గెలుస్తావన్నాను. లాయర్లు అనాల్సిన మాట అది.

పదిహేడో రోజు

మండలి నుంచి కబురొచ్చింది. అర్జీ మంజూరైంది. త్రినాథరావు నన్ను పలకలు లేని గదిలో కూర్చోబెట్టి, లక్క వేసిన కవరు చేతికిచ్చి, తలుపు వేసి బయటికి వెళ్లిపోయాడు. అతను వెళ్లిపోవడం కూడా నాకు నచ్చలేదు. కవరు లక్క ముందే విప్పి మళ్లీ అతికించారేమోనని గోరుతో గీకి చూశాను. బాగానే ఉంది.

లోపల అట్టలాంటి కాగితం. అసిరితల్లి కొట్టు పేరు. ఆరేళ్ల వివరాలు. ప్రతి వరసలోనూ ఒకే వేళ, ఒక అయిదు నిమిషాలు అటూ ఇటూ: పొద్దున్న ఆరున్నర. ప్రతి వరసలోనూ ఒకే మొత్తం: ఒక రూపాయి. సరుకు: లేదు. సేవ: లేదు. ఆ తరువాతి పావుగంటలో అదే చెయ్యి ఆ వీధిలో మరో పాతిక పలకల మీద. కింద కాపలా రాసిన ముక్క: “దొంగ చెయ్యి తొలి పరీక్ష ఈ కొట్లో జరుగుతున్నది. మూలం ఇదే.”

చెయ్యి నంబరు చివర 7714.

ఆ నంబరు నేను ముప్పై ఏళ్లుగా ప్రతి వకాలత్నామా కిందా రాస్తున్నాను. అది నా నంబరు. కాపలా లెక్కలో నా చేతిగీతలను ఎవరో కాజేసి ఈ వీధిలో పరీక్షిస్తున్నారు.

కాగితం బల్ల మీద పెట్టి చెయ్యి చూసుకున్నాను. మామూలు చెయ్యే. సిరా మరకలున్నాయి. అసిరితల్లి పలక ఆరిపోయాక నేను గౌరునాయుడితో మొదలుపెట్టాను, కాపలా అక్కడికి కదిలింది. గౌరునాయుడు ఆగిపోయాక షకీలా బీ. ఆరు రోజులకొకటి చొప్పున వీధిని తుడుచుకుంటూ పోతున్న ఆ క్రమశిక్షణ గల దుర్మార్గురాలిని నేనే. వీళ్లు బెదిరిపోయారని జాలిపడి, ఒక్క కొట్టూ వదలకుండా చెయ్యి పెట్టి మరీ వచ్చాను.

అల్లుణ్ని అనుమానించాను, తాళ్లవాణ్ని అనుమానించాను, మేడ కట్టేవాళ్లని, మజ్జిగ ఇచ్చినవాణ్ని అనుమానించాను. ఈ వీధిలో నేను అనుమానించని మనిషి ఒక్కర్తే.

పద్దెనిమిదో రోజు

గట్టువీధికి వెళ్లలేదు. వెనక దిబ్బ మీదుగా ఆఫీసుకి పోయాను. ఇవాళ నాలుగో కొట్టు ఆరిపోవాల్సిన రోజు. ఆరిపోలేదు.

నిజం రాస్తున్నాను, ఎవరూ చదవరు గనక. కవరు చింపేద్దామనుకున్నాను. నేను బోణీ మానేస్తే మిగతా కొట్లకి ఏమీ కాదు. మూడు కొట్లేగా పోయేవి. కేసులు ఓడిపోవడం లాయర్లకి కొత్తా? ఈ ఆలోచన నా బుర్రలో ఒక పూటంతా హాయిగా కూర్చుంది. ఇంత నీచంగా నేను ఆలోచించగలనని నాకు తెలియదు.

సాయంత్రం అసిరితల్లి ఇంటికొచ్చింది. నాకు ఒంట్లో బాగోలేదనుకుందట. గిన్నెలో గంటెజావ తెచ్చింది. ఉన్న పిండి అదే అయి ఉంటుంది.

“పన్నెండు కొట్లు ఇవాళ మద్దేనం దాకా తియ్యలేదమ్మా. బోణీ అవకుండా ఎలగ తీత్తామని కూకున్నారు. నీకు జొరమేటి?”

జావ గిన్నె పక్కన కవరు పెట్టి చెప్పేశాను. అంతా, మొదటినుంచీ. ఆమె కవరు అటూ ఇటూ తిప్పి చూసింది. నేను తిట్లకి సిద్ధమయ్యాను.

“మరి నా కొట్టే ఎందుకు మొదలు పడింది?”

“నేను మెట్లెక్కగానే ముందు నీ దగ్గరికే వస్తాను కదా.”

“అవును,” అంది. “నానే పిలిసినాను నిన్ను. ఆరేళ్ల కితం. నువ్వు సెయ్యెట్టిన నాడు సాయంత్రం దాకా కూకోడానికి కాళీ లేదు. అప్పట్నుంచి అందరికీ నానే సెప్పినాను, లాయరమ్మ సెయ్యి మంచిదని.”

ఆ పుకారు పుట్టించింది ఎవరో నాకు ఇన్నాళ్లకి తెలిసింది. జావ చల్లారిపోయింది. ఇద్దరం తాగాం.

ఇరవై ఒకటో రోజు

నియమాల పుస్తకం నాలుగుసార్లు చదివాను. ఎవరికైనా తేలిగ్గానే అనిపిస్తుంది: వెళ్లి, ఈ చెయ్యి నాది, దొంగది కాదు అని చెబితే సరిపోతుంది కదా అని. సరిపోదు. అప్పుడు కాపలా రెండో ప్రశ్న వేస్తుంది: మరి ఆ రూపాయి దేనికి? చెల్లింపుకి కారణాలు నలభై ఒకటి ఉన్నాయి. సరుకు, సేవ, అద్దె, బాకీ, జరిమానా, ఇలా. అందులో బోణీ లేదు. సరుకు అంటే సరుకు చూపించాలి. సేవ అంటే అబద్ధం. కానుక అంటే, కొట్టు పలక మీద కానుక తీసుకోకూడదు, అది ఇద్దరికీ నేరం. కారణం చెప్పలేకపోతే ఇద్దరూ కూడబలుక్కుని మోసం చేసినట్టు లెక్క. అలా పట్టీ ఎక్కితే ఇక జీవితాంతం దిగడం ఉండదు.

నేను లాయర్ని గనక నోరు మూసుకునే హక్కు నాకుంది. ఆ హక్కు వాడుకుంటే తొమ్మిది రోజుల్లో అసిరితల్లి కొట్టు వేలం. ఇంతకంటే విడమరచి రాయనక్కర్లేదు.

ఇరవై ఆరో రోజు

విచారణ అయింది.

గదిలో నేను, త్రినాథరావు, బల్ల మీద కాపలా పలక. అసిరితల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను నిలబడి, ఈ చెయ్యి నాది అన్నాను. త్రినాథరావు నా చెయ్యి పలక మీద పెట్టించి సరిచూశాడు. తలెత్తి, అచ్చమైన ఆఫీసు తెలుగులో అడిగాడు.

“చెల్లింపునకు కారణం చెప్పండి.”

“బోణీ.”

“దాని అర్థం వివరించండి.”

వివరించాను. పొద్దున్న కొట్టు తెరిచాక మొదటి చెల్లింపు మంచి మనిషి చేతి మీదుగా జరగాలని కొట్లవాళ్ల కోరిక అన్నాను. అలా జరిగితే రోజంతా బేరాలు బాగుంటాయని వాళ్ల నమ్మకం అన్నాను. పలక ఆ మాటలన్నీ మింగి, “ప్రతిఫలం?” అని చూపించింది. ఏమీ లేదన్నాను. “ప్రయోజనం?” అని చూపించింది. ధైర్యం అన్నాను. “గుర్తించబడలేదు” అని చూపించింది.

త్రినాథరావు పలక మీద గుడ్డ కప్పాడు. దానికి అయిదు నిమిషాల విరామం ఇచ్చే అధికారం అతనికి ఉందట. గుడ్డ కప్పగానే అతని భాష మారిపోయింది.

“మా నాయిన గాజుల కొట్టు ఎట్టేవోడమ్మా, బొబ్బిల్లో. బోణీ అవకుండా బేరం తిరిగిపోతే ఆ పూటంతా మాతో మాటాడేవోడు కాదు. నాకు తెలీకేటి? కానీ రాసుకోడానికి గడి లేదు. ముప్పై ఎనిమిదో కారణం సూడండి.”

చూశాను. ముప్పై ఎనిమిది: పొరపాటు. తెలియక చెయ్యి పెట్టడం. పొరపాటున పడిన చెల్లింపుకి కొట్టువాళ్ల బాధ్యత లేదు, వాళ్లు వెంటనే పట్టీ దిగుతారు. ఇంత మేలు ఊరికే ఎందుకు చెబుతున్నాడని కింద చిన్న అక్షరాలు వెతికాను. ఉన్నాయి. పదే పదే పొరపాటు పడే చెయ్యి ‘తెలివి నిలకడ లేని చెయ్యి’. దానికి ఇకమీదట వేరే మనిషి తోడు ఉండాలి. ఆ మనిషి అవునంటేనే అది చేసే ప్రతి చెల్లింపూ చెల్లుతుంది. తోడు చెయ్యి మీద బతికేవాళ్లు విచారణల్లో వాదించకూడదు.

“ఇందులో మీకేమిటి లాభం?” అని మొహం మీదే అడిగాను.

“ఏటీ లేదమ్మా. నానూ ఆ నాయిన కొడుకునే కదా.” చెప్పి గుడ్డ తీసేశాడు. నేను అతన్ని నమ్మానని రాయలేను. అతని దారి తప్ప వేరే దారి లేదు గనక అందులో నడిచాను.

“ఒక్క అసిరితల్లి కొట్టేనా, వీధి మొత్తమా?” అని ఆఫీసు గొంతుతో అడిగాడు.

“వీధి మొత్తం.”

“నలభై ఏడు వేల మూడువందల పన్నెండు చెల్లింపులు. అన్నీ పొరపాట్లేనా?”

“అన్నీ.”

“తెలియక చేశారా?”

ముప్పై ఏళ్లు ఈ గదిలో నిలబడి, నా మనిషికి బుద్ధి ఉంది, తెలిసే చేసింది, ఆమె మాట నమ్మండి అని అరిచాను. ఇవాళ అదే గదిలో నాకు బుద్ధి నిలకడ లేదని నా నోటితో ప్రమాణం చేశాను. అవమానంతో ఒళ్లంతా మండింది. నా దగ్గరున్న పదకొండు కేసులూ ఆ రెండో లాయరుకి పోతాయి. అతను వాటిని ఏం చేస్తాడో తలుచుకుంటే ఇంకా మండింది. పలక మాత్రం మారుమాట్లాడకుండా ఒప్పుకుంది. నిజం చెబితే గుర్తించనిది, అబద్ధాన్ని ఒక్క క్షణంలో గుర్తుపట్టింది.

తరువాత ఒక కాగితం. అందులో ఒకే గడి: ‘తోడు చెయ్యి. మీరు పూర్తిగా నమ్మే వ్యక్తి పేరు.’

ఆ గడి ముందు కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా తమ్ముడు? అమ్మ నగల పంపకం నాడు వాడి మొహం నాకు గుర్తుంది. చెల్లెలి కూతురు? తీయగా మాట్లాడుతుంది, అదే భయం. చదువుకునే రోజుల స్నేహితురాళ్లని ఒక్కొక్కరినే తలుచుకుని ఒక్కొక్కరినే కొట్టేశాను. యాభై ఎనిమిదేళ్లు బతికి, నమ్మే మనిషి ఒక్కరు లేకుండా ఇక్కడిదాకా వచ్చానని ఆ గది గోడల మధ్య తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. త్రినాథరావు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

చివరికి తలుపు తీసి, బెంచీ మీదున్న అసిరితల్లిని లోపలికి పిలిచాను. ఆమె పట్టీ దిగి అప్పటికి పది నిమిషాలైంది గనక నియమం అడ్డు రాలేదు. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. నేను ఉప్పు కొన్నా, సిరా కొన్నా నీ పలక నిన్ను అడుగుతుంది, నువ్వు అవునంటేనే నాకు దొరుకుతుంది, నీకిష్టమేనా అని.

“ఎట్టమంటావా సెయ్యి?” అని చెయ్యి తుడుచుకుంది.

ముప్పయ్యో రోజు

మూడు కొట్లూ తెరిచారు. వేలం నోటీసు చించేశారు. నా ఆఫీసు బోర్డు నేనే దింపుకున్నాను. షకీలా బీ వచ్చి ఒక పక్క పట్టుకుంది.

నలభై ఒకటో రోజు

పదిహేను రోజులుగా అసిరితల్లి చేతి మీద బతుకుతున్నాను. ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరకడం లేదు, అదే నా అనుమానం. నేను ఎక్కడ చెయ్యి పెట్టినా, ఊపిరి తీసుకునేలోపు పలక పలుకుతోంది. గట్టు మీద తను పదిమంది చొక్కాలు నింపుతూ ఉంటుంది. అంత గబుక్కున ఎలా చదువుతోంది? చదవడం లేదని, ఊరికే నొక్కేస్తోందని నాకు తోచింది. లాయరుగా ముప్పై ఏళ్లు, చదవకుండా చెయ్యి పెట్టినవాళ్ల గోడు విన్నాను నేను.

అందుకని ఇవాళ పరీక్ష పెట్టాను. రేవులో పాత సామాన్ల వాడి దగ్గరికి వెళ్లి, ఓడ లంగరు ఒకటి కొన్నాను. తుప్పు పట్టినది, నాలుగు మణుగులుంటుంది. నా మూడు నెలల ఖర్చు ఒక్కసారే. బుద్ధి నిలకడ లేని మనిషి లంగరు కొంటే తోడున్నవాళ్లు ఒక్కసారైనా ఆగి చూడాలి కదా. చెయ్యి పెట్టాను. పలక పలికింది. వాడు లంగరు ఎక్కడికి పంపమంటారని అడిగాడు.

నేరుగా గట్టు మీదికి వెళ్లాను. కొట్టు ముందు కూలీల వరస ఉంది. అసిరితల్లి ఒక చేత్తో గొట్టం పట్టుకుని చొక్కా నింపుతోంది.

“నేనిప్పుడు ఏం కొన్నానో తెలుసా?” అని అడిగాను.

“తెల్దు.”

“మరి చూడకుండా ఎందుకు నొక్కావు? ఎవరైనా నా చేతిగీతలు కాజేసి ఉంటే? అది నేను కాకపోతే?”

ఆమె గొట్టం ఆపి, నా కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి పైకి తిప్పి, వరసలో ఉన్నవాళ్లందరికీ చూపిస్తున్నట్టు ఎత్తింది.

“సూసేదేటుంది లాయరమ్మా? ఆరేళ్లు పొద్దున్నే నా పలక మీద పడిన సెయ్యి. నాకు తెల్దా?”

లంగరు వెనక్కి తీసుకోమని ఆ సామాన్లవాణ్ని బతిమాలడానికి మళ్లీ రేవుకి పోవాలి. పోయేముందు ఆమెకి గట్టిగా చెప్పాను, ఇకనుంచి చదివి, ఆలోచించి, అప్పుడు నొక్కమని. అలాగేనంటూ తలూపి గొట్టం అందుకుంది. చదవదు.